యాకూబ్ చాచా గోడ మీది స్టే

వానాకాలం వస్తే అందరి గోడలకూ నాచు పడుతుంది. సీతాఫల్‌మండిలో ఒక గోడకు మాత్రం అక్షరాలు పడతాయి. ఈ ఏడు ఆకాశానికి అడుగు ఊడిపోయినట్టు కురిసి, స్టేషన్ నుంచి మా పాత గల్లీ దాకా ఆటోలు పడవల్లా తేలి, చివరికి ఎలాగో తెరిపి ఇచ్చిన మర్నాడు చిన్ననాటి స్నేహితురాలు షమీమ్ నా ఫోన్‌కి ఒక ఫోటో పంపింది. తెల్లటి గోడ. దాని మీద సున్నం, సున్నం మీద డిస్టెంపరు, డిస్టెంపరు మీద ఎవరెవరో నాయకుల పుట్టినరోజు పోస్టర్ల జిగురు, ఆ జిగురు మీద మళ్లీ సున్నం. గోడ కంటే పూతే మందం. అంత మందాన్నీ తోసుకుని, చెరువులో మునిగిన మనిషి పైకి తేలినట్టు, ముదురు నీలం అక్షరాలు బయటికి వస్తున్నాయి. ఫోటో కింద షమీమ్ వాళ్ల నాన్న గురించి ఒక్క ముక్క రాసింది: "అబ్బా మళ్ళ లేచిండు."

నేను నవ్వించడమే వృత్తిగా బతుకుతున్న మనిషిని. పెసరగింజంత సంగతి దొరికితే గుమ్మడికాయంత చేసి అమ్ముకుంటాను. ఈ గోడ విషయంలో మాత్రం నేను ఊదాల్సింది ఏమీ లేదు. ఏటా అదే ఉబ్బి వస్తుంది. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచి నా ముక్కుకు టర్పెంటైన్ వాసన తగులుతూనే ఉంది. మా ఇంట్లో టర్పెంటైన్ లేదు. మా ఆయన గ్యాస్ లీకవుతోందేమోనని సిలిండర్ మూతి చుట్టూ సబ్బునురగ రాసి, బుడగల కోసం చాలాసేపు గొంతుక్కూర్చుని చూశాడు. బుడగలు రాలేదు. వాసన పోలేదు.

ఆ వాసన నా చిన్ననాటి ఇంటిది. సరిగ్గా చెప్పాలంటే పక్కింటిది. మా నాన్న తెనాలి వైపు నుంచి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాగా వచ్చి, సీతాఫల్‌మండిలో ఒక ఇంట్లో అద్దెకు దిగాడు. ఆ ఇంటికి, పెయింటర్ యాకూబ్ ఇంటికి మధ్య ఉన్న ప్రహరీ ఎంత పొట్టిదంటే, దాన్ని గోడ అని పిలిస్తే మిగతా గోడలు అవమానంగా భావించేవి. దాని మీదుగా మా అమ్మ గోంగూర పచ్చడి అటు వెళ్లేది, షమీమ్ చేసిన షీర్ ఖుర్మా ఇటు వచ్చేది. షమీమ్ తల్లి అప్పటికే పోయింది. తండ్రీకూతుళ్లు వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లు. ముందు వాకిలి, ఆ వాకిలికి రోడ్డు వైపు ఒక ఎత్తైన గోడ, గోడలో తలుపు. వాకిలంతా ఎండబెట్టిన రేకుబోర్డులు. నేనూ షమీమ్ ఇంటర్ చదివే రోజుల్లో ఆ వాకిట్లో కూర్చుని చదివిన కెమిస్ట్రీకి ఎనామిల్ అంటుకుని, ఇప్పటికీ నాకు ఆవర్తన పట్టికలో రాగి నీలంగానూ, సీసం ఎర్రగానూ కనిపిస్తుంది.

మా గల్లీలో నీళ్లు రోజు మార్చి రోజు వచ్చేవి. వచ్చేవంటే, నల్లాలోంచి ముందు ఒక దీర్ఘమైన నిట్టూర్పు, తర్వాత క్లోరిన్ వాసన, ఆ తర్వాత చుక్క. ఆ చుక్కను ధారగా మార్చడానికి నల్లాకు మోటరు బిగించాలి. నల్లాకు మోటరు బిగించడం చట్టప్రకారం నేరం. కాబట్టి గల్లీలో ప్రతి ఇంటికీ మోటరు ఉండేది. నీళ్లొచ్చే పొద్దున అన్నీ ఒకేసారి మొదలయ్యేసరికి భూమి కంపించి, వంటింట్లో గిన్నెలు వాటంతటవే అటక దిగి వచ్చేవి. మా మోటరు వరండాలో, నాయనమ్మ నులకమంచం కింద ఉండేది. మంచం మీద నుంచి నేల దాకా వేలాడే దుప్పటి, దాని పైన నాయనమ్మ. నీళ్ల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలియగానే ఆవిడ మూలగడం మొదలుపెట్టేది. మోటరు చప్పుడు కప్పేయాలంటే మామూలు మూలుగు చాలదు. అందుకని ఆవిడ శ్రుతి పెంచుకుంటూ పోయి, చివరికి మోటరే ఆవిడకు తంబురా మీటుతున్నట్టు ఉండేది.

"ఎట్లుంది పెద్దమ్మకు?" అని గుమ్మంలోనే ఆగి అడిగేవాడు ఇన్‌స్పెక్టరు, టోపీ తీసి.

"ఇవాళో రేపో అన్నట్టుందండీ," అని నాన్న తలవంచుకునేవాడు.

"పోయిన వానాకాలం సుత గిదే మాటన్నరు కద సార్."

"బతికి ఏం సాధించాలి నాయనా," అని నాయనమ్మ దుప్పటి అంచు సర్దుకుంటూ అందుకునేది. "మంచినీళ్ల చుక్క గొంతు దిగట్లేదు. నల్లాలో వస్తే కదా దిగడానికి!"

ఇన్‌స్పెక్టరు గంభీరంగా తల ఊపి, మంచం కిందికి చూడకుండా వెళ్లిపోయేవాడు. ఆయనకు తెలియదనుకునేరు. ఆయన ఇల్లు వెనక బస్తీలోనే. ఆయన మోటరు వేస్తే మా నల్లాలోంచి నీళ్లే కాదు, గాలి కూడా అటే పోయేది. అయినా ఆయన రావాలి, మేం దుప్పటి కప్పాలి, ఆవిడ మూలగాలి. చట్టం పట్ల మా గల్లీకి ఉన్న భక్తి అది. గుడికి వెళ్లేముందు చెప్పులు విడిచినట్టు, చట్టం ఎదురుపడితే మేం దుప్పటి కప్పేవాళ్లం.

ఇన్‌స్పెక్టరు వస్తున్నట్టు ముందుగా తెలిసేది బాలేశ్ విజిల్ వల్ల. ఇరవై దాటినా ఏ పనీ పట్టని బాలేశ్ గల్లీ మొదట్లో పాన్ డబ్బా పక్క రాతి మీద కూర్చునేవాడు. నాలుక మడిచి రెండు వేళ్లు పెట్టి అతను కొట్టే విజిల్‌కి సీతాఫల్‌మండి స్టేషన్లో రైలు కదిలేదని, డ్రైవర్లు గార్డు ఊదిందనే అనుకునేవాళ్లని మా నాన్న ప్రమాణం చేసి చెప్పేవాడు. ఈ ఉద్యోగానికి జీతం ఏ ఇంట్లోనైనా టిఫిను. అతను ఎక్కువగా తిన్నది యాకూబ్ చాచా ఇంట్లో. షమీమ్ వేసే ఆమ్లెట్ కోసం ఆ పొట్టి ప్రహరీ దూకి వచ్చేవాడు.

ఇంత నేరమయమైన గల్లీలో ఒక్క ఇంటికే మోటరు లేదు. అది యాకూబ్ చాచాది. ఆయన పూర్వీకులది జనగామ వైపు. సన్నగా, వెదురు నిచ్చెనకు లుంగీ చుట్టినట్టు ఉండేవాడు. ఊళ్లో సర్కారు వాళ్లు ఏ హెచ్చరిక రాయించాలన్నా ఆయన చేతే రాయించేవాళ్లు. ఇక్కడ ఉమ్మివేయరాదు. ఇటు వాహనములు నిలుపరాదు. ఇక్కడ మూత్రము పోయరాదు. ఆ చివరి బోర్డు ఆయన ఎంత అందంగా, ఎంత దూరానికి కనిపించేలా రాసేవాడంటే, అవసరం పడ్డవాళ్లు దూరం నుంచే దాన్ని గుర్తుపట్టి, సరైన చోటికే వచ్చామన్న నిశ్చింతతో దాని కిందికి వెళ్లేవాళ్లు. తను రాసిన బోర్డులకు లొంగిన ఏకైక పౌరుడు ఆయనే. నో ఎంట్రీ బోర్డు రాసిన రోడ్డులోకి సైకిల్ తిప్పకుండా ఊరంతా చుట్టి ఇంటికి వచ్చేవాడు. ఒకసారి అదే రోడ్డులోంచి పోలీసు జీపు ఎదురు దిశలో దూసుకొచ్చి, మలుపు దగ్గర బుద్ధిగా ఆగి ఉన్న ఈయన్ని అడ్డం వచ్చాడని తిట్టి పోయింది.

"మీరు రాసింది మీరొక్కరే చదువుతున్నారు చాచా," అని నేను ఆటపట్టిస్తే, కుంచె చివర వేళ్ల మధ్య ఒత్తి సర్దుతూ అనేవాడు: "రాసెటోడు సుత చదవకపోతే ఇంగ దేనికి బిడ్డా రాసుడు?"

ఆయన పనిలో రెండు నియమాలుండేవి. అక్షరం రాసిన రోజు నీడ వేయకూడదు. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు పొద్దున ఒక్కో అక్షరానికీ కుడి పక్కన, కింద, సన్నగా నల్లటి నీడ దిద్దాలి. అప్పుడే అక్షరం గోడ నుంచి లేచి మన ముందుకు వచ్చినట్టు ఉంటుంది. రెండోది, గీత మధ్యలో తల తిప్పకూడదు. "గీత నడుమ తిరిగితే వంకరయితది. ఆ వంకర మనం సచ్చినంక సుత గోడ మీద ఉంటది," అనేవాడు. గీత మధ్యలో ఆయన్ని పలకరిస్తే ఉలుకూ పలుకూ ఉండదు. ఈద్ నాడు సేమియా మాడిపోతోందని షమీమ్ అరిచినా, గీత చివరిదాకా లాగాకే తిరిగాడు. సేమియా బొగ్గయింది. గీత మాత్రం ఇప్పటికీ ఏ గోడ మీదో తిన్నగానే ఉండి ఉంటుంది.

ఒకనాడు రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి గల్లీ మొదటి ఇళ్ల మీద ఎర్రగీతలు గీశారు. ఎర్రగీత యాకూబ్ చాచా వెనక గదుల దాకా వెళ్లింది. మా ఇంటికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆ గీత గీసినవాడికి చెయ్యి వణికిందని, ఒక చివర వంకరపోయిందని ఆయన ముందు బాధపడ్డాడు. ఇల్లు పోతుందన్న సంగతి తర్వాత అర్థమైంది. ఆ ఇల్లు ఆయన తాత కొన్నది. కాగితాలున్నాయి. మా నాన్నే వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. కొన్నాళ్లు తిరిగాక ఒక మధ్యాహ్నం వకీలు గుమాస్తా సైకిల్ మీద ఊగిపోతూ వచ్చి, కూల్చకుండా కోర్టు స్టే ఇచ్చిందని, సర్టిఫైడ్ కాపీ చేతికి రావడమే తరువాయని చెప్పాడు.

గుమాస్తా సైకిల్ స్టాండు వేసేలోగానే యాకూబ్ చాచా నీలం డబ్బా మూత తీశాడు.

"కాపీ చేతికొచ్చాక రాస్తే బావుంటుందేమో యాకూబ్," అన్నాడు నాన్న.

"కాయితం ఏంది సార్! కాయితం డ్రాయర్ల పెట్టి, మాకు కనబడలే అంటరు. గోడ ఏ డ్రాయర్ల పడ్తది?"

ఇది మా గల్లీ చట్టశాస్త్రంలో అంతకుముందెన్నడూ వినని సూత్రం. నాయనమ్మకు తెగ నచ్చింది. వరండాలోంచే కేకేసింది: "శిక్ష అనే మాట కాస్త లావుగా రాయి యాకూబూ! ఆ వెధవలందరికీ చత్వారం!"

పొద్దు గుంకే వేళకు రోడ్డు వైపు గోడ మీద నిలువెత్తు అక్షరాల్లో మూడు వరుసలు వెలిశాయి: కోర్టు స్టే ఉన్నది. ఈ ఇల్లు పెయింటర్ యాకూబ్‌ది. కూల్చువారు శిక్షార్హులు. గల్లీ అంతా రోడ్డు అవతల నిలబడి సినిమా పోస్టరు చూసినట్టు చూసింది. చదువు రానివాళ్లు కూడా చదివారు. నీడ దిద్దడం మర్నాటికి ఉంచాడు.

మర్నాడు నీళ్లొచ్చే రోజు. మోటర్లన్నీ మొదలయ్యాయి. మా ఇంట్లో నాయనమ్మ మంచం మీద, మోటరు మంచం కింద, షమీమ్ మా వరండాలో బిందె పట్టుకుని. వాళ్లకు మోటరు లేదు కాబట్టి మా నేరంలోంచి రెండు బిందెలు వాళ్లకు వెళ్లేవి. నేను మిద్దె మీద తొట్టి నిండిందో లేదో చూస్తున్నాను. యాకూబ్ చాచా గోడ ముందు స్టూలు వేసుకుని నీడ దిద్దుతున్నాడు. అప్పుడు రోడ్డు మీదికి ఒక జీపూ, దాని వెనక ఒక పసుపుపచ్చ బుల్డోజరూ వచ్చి ఆగాయి. విజిల్ వినపడలేదు.

జీపులోంచి దిగిన ఆఫీసరు రాక్షసుడిలా ఉంటే నాకు ఇప్పుడు రాయడం తేలికయ్యేది. ఆయన మర్యాదస్తుడు. జేబులో రెండు పెన్నులు, నోట్లో సోంపు. గోడ దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, మూడు వరుసలూ నిదానంగా చదివాడు. మిద్దె అంచు మీద ఉన్న నాకు మోటర్ల హోరులో వాళ్ల మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి. మిగతాది తర్వాత చాచాయే చెప్పాడు.

"స్టే సంగతి మాకు తెల్వదే పెద్దాయనా. కాపీ అందలే."

"గోడ మీద ఉంది కద సార్."

"గిది రాసిందెవరు?"

"నేనే."

"నువ్వు రాస్తే కోర్టు రాసినట్టా?"

"ఊర్ల మీ బోర్డులన్నీ సుత నేనే రాసిన సార్. అవి నేను రాస్తే సర్కారు రాసినట్టయింది. గిది మటుకు ఎట్ల కాకపాయె?"

ఆఫీసరు నవ్వాడట. మనసారా నవ్వి, భుజం తట్టి, "పాయింటే. పూర్తి చెయ్యి పెద్దాయనా. సగం రాసిన ఆర్డరు మంచిగుండదు," అన్నాడట. చెయ్యి ఊపాడు. బుల్డోజరు వెనక్కి కదిలి, రోడ్డు మలుపు తిరిగి కనుమరుగైంది. అక్షరం ముందు యంత్రం తోకముడవడం నా కళ్లతో చూశాను. మెట్ల మీదుగా దిగుతూ నాయనమ్మకు చెప్తే, ఆవిడ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. గోడకో, కోర్టుకో తెలియదు. చాచా మళ్లీ కుంచె ముంచి నీడ దిద్దసాగాడు.

బుల్డోజరు వెనక గల్లీకి వెళ్లింది.

వరండా మంచం మీద నుంచి ప్రహరీ పైగా చాచా వెనక గదుల పైకప్పు కనిపిస్తుంది. కాబట్టి మొదట చూసింది నాయనమ్మే. ఆవిడ మూలిగింది. ఏళ్ల తరబడి ఉత్తుత్తి మూలుగులు వేసి వేసి, నిజం మూలుగుకు ఆవిడ దగ్గర వేరే గొంతు మిగల్లేదు. అదే శ్రుతి, అదే గమకం. లోపల అమ్మ, ఇన్‌స్పెక్టరు వచ్చాడనుకుని, "దుప్పటి! దుప్పటి!" అని కేకేసింది. నాన్న పరుగెత్తుకొచ్చి మంచానికి దుప్పటి సర్ది, నీరసంగా ముఖం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు. నాయనమ్మ వేలు చూపిస్తూ మూలుగుతూనే ఉంది. మేమందరం గుమ్మం వైపే చూస్తున్నాం. చివరికి ఎందుకైనా మంచిదని నాన్న మోటరు ఆపాడు. అప్పుడు వినిపించింది.

షమీమ్ బిందె వదిలేసి "అబ్బా!" అని అరుస్తూ రోడ్డు వైపు పరుగెత్తింది. వెనక నేను. చాచా గోడ ముందు స్టూలు మీదే ఉన్నాడు. వెనక గోడలు విరుగుతున్న చప్పుడు, రేకులు చిరుగుతున్న చప్పుడు, ఇంకా ఆగని గల్లీ మోటర్ల చప్పుడు. ఆయన కుంచె "కూల్చువారు" చివరి అక్షరం కింద ఉంది. గీత మధ్యలో ఉంది. ఆయన తల తిప్పలేదు. మెడ నరం లేచి కనిపిస్తోంది, చెవులు కదులుతున్నాయి, చెయ్యి మాత్రం నిదానంగా, తిన్నగా, చివరిదాకా వెళ్లింది. అప్పుడు కుంచె డబ్బా మీద అడ్డంగా పెట్టి, దిగి, గోడలోని తలుపు తీశాడు. తలుపు అవతల వాకిలి ఉంది. వాకిలి అవతల ఆకాశం ఉంది.

ఎర్రటి దుమ్ములోంచి ఆఫీసరు గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. డ్రైవరు ముందుకొచ్చి ఈ గోడ కూడా తోసేయబోతే, "దాన్ని ముట్టకు. కోర్టు పేరుంది దాని మీద. రేపు ధిక్కారమైతది," అన్నాడు. అంత మర్యాదస్తుడు. బుల్డోజరు పక్కన, డ్రైవరుకు టీ గ్లాసు అందిస్తూ, బాలేశ్ నిలబడి ఉన్నాడు.

గోడ మిగిలింది. తలుపు మిగిలింది. తలుపుకు చాచా ఆ సాయంత్రం తాళం కూడా వేశాడు. కొన్నాళ్లకు సర్టిఫైడ్ కాపీ నిజంగానే వచ్చింది. ముద్రలన్నీ సరిగ్గా ఉన్నాయి. ధిక్కార కేసు వేశాం. అది ముసలిదై, మా నాయనమ్మకంటే ఎక్కువకాలం మంచం మీద ఉండి, ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. చాచా కూతురితో లాలాగూడలో చెల్లెలింట చేరాడు. మళ్లీ ఒక్క అక్షరం రాయలేదు. సున్నాల పనికి పోయేవాడు. అడిగిన ప్రతి గోడనూ, పాత రాతలన్నీ గోకి, తెల్లగా చేసేవాడు. ఈ గోడకు సున్నం వేయమని మాత్రం ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆయన పోయేనాటికి చేతివేళ్ల మధ్య నీలం పోయి తెలుపు మిగిలింది. మూడో వరుసలో రెండో మాటకు నీడ దిద్దడం జరగనే లేదు. "శిక్షార్హులు" అలాగే ఉండిపోయింది. దయ్యాలకు నీడ ఉండదని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాట వైపు చూడటానికి ఆవిడకు కూడా భయమే. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చినా ఆవిడ మూలగలేదు. దుప్పటి కూడా కప్పనివ్వలేదు. ఆయన మోటరు చూశాడు, ఆవిడ ఆయన్ని చూసింది. ఇద్దరూ సిగ్గుపడ్డారు.

ఆ రోడ్డు వెడల్పు కాలేదు. ఆ స్థలంలో బాలేశ్, అప్పటికి బాలేశన్న, ఫంక్షన్ హాలు కట్టాడు. అనుమతి ఎవరిచ్చారని అడిగితే నవ్వేవాడు. గోడ పడగొట్టి కొత్తది కట్టుకోవచ్చు కదా? కట్టలేదు. బుల్డోజరే ముట్టని గోడ అని బస్తీలో పేరొచ్చింది. ఇల్లు కట్టుకునేవాళ్లు వచ్చి దానికి పసుపు పూసి, నిమ్మకాయ పెట్టి పోయేవాళ్లు. హాల్లో ప్రతి పెళ్లికీ ముందు బాలేశన్న ఆ గోడకు సున్నం వేయించేవాడు, వానకు అక్షరాలు లేచేవి. సీతాఫల్‌మండిలో ఎన్ని జంటల పెళ్లి ఫోటోల్లో వధూవరుల తలల వెనక "కూల్చువారు శిక్షార్హులు" అని ఉందో లెక్కలేదు. ఆ కాపురాలు గట్టిగా నిలిచాయనీ అంటారు.

ఇప్పుడు చూస్తే దుప్పట్లే కనుమరుగయ్యాయి. పోలీసు బండికి నంబరు ప్లేటు ఉండదు, హెల్మెట్ పెట్టుకోని వాళ్లు హెల్మెట్ లేనివాళ్లను ఆపుతారు, తీర్పు వచ్చిన మర్నాడే ఆ తీర్పును ఎలా దాటాలో పెద్దలు మైకు పెట్టి చెప్తారు. నేను ఎక్కువ మాట్లాడకూడదు. మేముండేది నాలుగు అంతస్తులకు అనుమతి ఉన్న అపార్ట్‌మెంట్లో అయిదో అంతస్తు. సర్కారు కాగితాల ప్రకారం నేను గాలిలో కాపురం ఉంటున్నాను. అక్కడే పప్పు పోపు పెడుతున్నాను, గాలికి పన్ను కూడా కడుతున్నాను. మా లిఫ్టులో అయిదో నంబరు మీట లేదు. నాలుగులో దిగి, లేని మెట్లెక్కి, లేని ఇంటికి పోతాను.

షమీమ్ ఫోటో వెనకే ఫోన్ కూడా చేసింది. రాంగోపాల్‌పేట్‌లో ఆమెకు చిన్న దుకాణం ఉంది. బడులకు చార్టులు, బండ్లకు పేర్లు రాస్తుంది. చెయ్యి అచ్చం తండ్రిదే.

"బాలేశన్న పిలిచిండు పద్మా. హాలు కూలగొడ్తమని నోటీసొచ్చిందట. కోర్టుల స్టే తెచ్చుకున్నడట."

"అయితే?"

"గోడ మీద రాయాల్నట. అబ్బా చేతి రాతల. నువ్వు సుత రా. నాకు ఒక్కదానికి పోబుద్ధయితలేదు."

వెళ్లాను. మబ్బు చీల్చుకుని పొద్దుటి ఎండ గోడ మీద పడుతోంది. బాలేశన్న తెల్ల లాల్చీలో, ఒళ్లు బరువెక్కి, చక్కెర లేని టీ గ్లాసుతో కుర్చీలో కూర్చున్నాడు. షమీమ్‌కి కుర్చీ వేయించాడు. ఆమె కూర్చోలేదు.

"మాటలు అవ్వే ఉండనీ చెల్లె," అన్నాడు. "చాచా మంచిగనే రాసిండు. పేరు ఒక్కటి మార్చు. యాకూబ్ తీసి బాలేశ్ పెట్టు."

"ఫ్లెక్స్ కొట్టించుకోరాదే అన్నా? గంటల వస్తది."

"ఫ్లెక్స్‌ను ఎవడు ఖాతరు చేస్తడు? కాయితాన్ని సుత ఎవడు చేస్తలేడు. గీ రాతను మిషన్ ముట్టలే. నేను కండ్లార చూసిన."

"చూసినవ్ లే," అంది షమీమ్.

ఆమె డబ్బా మూత తీసింది. టర్పెంటైన్ వాసన నా ఇంటి నుంచి బయల్దేరి వచ్చి అక్కడ దిగినట్టనిపించింది. తడిగుడ్డతో మూడో వరుస తుడిచింది. స్టూలు ఎక్కి, నల్లరంగు ముంచి, "శిక్షార్హులు" మొదటి అక్షరం కుడిపక్కన కుంచె ఆనించింది. బాలేశన్న కుర్చీలోంచి ముందుకు వంగాడు. "పేరు పైన ఉంది చెల్లె," అన్నాడు. ఆమె గీత మధ్యలో ఉంది. పలకలేదు. ఒక్కో అక్షరానికీ నీడ వచ్చింది. మాట గోడ మీద నుంచి లేచి మా ముఖాల ముందుకు వచ్చి నిలబడింది. చివరి గీత లాగి, కుంచె దించి, అప్పుడు తిరిగింది.

"అన్నా, ఒక్క మాట అడుగుత. ఆ దినం నువ్వు విజిల్ ఎందుకు కొట్టలే?"

బాలేశన్న ఆ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చున్నట్టు, ఆశ్చర్యపోలేదు. గ్లాసు కింద పెట్టాడు.

"కొట్టిన," అన్నాడు.

షమీమ్ స్టూలు దిగింది.

"కొట్టిన షమీమ్. పెదవి పగిలేదాంక కొట్టిన. గల్లీల మోటర్లు నడుస్తున్నయ్. ఎవ్వరూ ఇనలే. ఆఫీసరు ఇన్నడు. కాలర్ పట్టుకుండు, వెనక దారి చూపెట్టమన్నడు."

"అబద్ధం," అన్నాను నేను.

"ఏమో చెల్లె. ఇన్నోళ్లు లేరు కద. అబద్ధమే అనుకో."

అతని ముఖంలోకి చూశాను. హాస్యం రాసేవాళ్లకు అబద్ధం వాసన తెలుస్తుందంటారు. నాకు టర్పెంటైన్ తప్ప ఏమీ తెలియలేదు. మిద్దె మీద నిలబడి ఆ పొద్దున నేను విన్నదంతా మళ్లీ వినడానికి ప్రయత్నించాను. మోటర్లు, మోటర్లు, మోటర్లు. వాటి కింద ఏదైనా ఉందా? ఉంటే ఉండొచ్చు.

షమీమ్ కుంచె కడగలేదు. నీలం డబ్బా మూత కూడా తీసి, కుంచెతో సహా అతని కుర్చీ పక్కన పెట్టింది. "పేరు నువ్వే రాస్కో అన్నా. గోడ గీడనే ఉంది," అంది. అతను కుంచె వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, ముట్టుకోలేదు. మేం ఆటో ఎక్కే దాకా అలాగే కూర్చుని ఉన్నాడు. అతని వెనక రెండో వరుసలో యాకూబ్ అనే పేరు ఎండలో మెరుస్తోంది.

మర్నాడు పొద్దున్నే మా అపార్ట్‌మెంట్ మోటరు మొదలైంది. మోటరు కిందే ఉన్నా, దాని స్విచ్చు, పైపుల హోరు మా లేని అంతస్తు పక్కనే ఉంటాయి. ఇన్నేళ్లుగా ఆ చప్పుడు నా చెవికి ఆననే లేదు. ఆ రోజు స్టవ్ కట్టేసి, వెళ్లి మోటరు ఆపేశాను. ఊరంతా ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టయింది. రోడ్డు మీద ఎవరో, దూరంగా ఏదో రైలు. చెవులు రిక్కించి గోడకానుకుని నిలబడ్డాను. కాసేపటికి కింది నుంచి సెక్రెటరీ గారు ఫోన్ చేశారు.

"మోటరు ఎవరాపారండీ పద్మగారూ? నీళ్లు ఎక్కట్లేదు!"

"ఒక్క నిమిషం ఉండండి," అన్నాను. "వింటున్నాను."